ముఖం లేని శబ్దం: థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్‌కు ఎలక్ట్రానిక్ ఆర్‌ఆర్ చేయడం ఎలా?

వయొలిన్ వినిపిస్తే కమాను పట్టుకున్న చెయ్యి మనసులో మెదులుతుంది. వేణువు వినిపిస్తే ఊదే మనిషి కనిపిస్తాడు. డప్పు మోగితే వీధి చివర ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. శబ్దం ఎక్కడ పుట్టిందో తెలియగానే సగం భయం పోతుంది. చిన్నప్పుడు రాత్రి పెరట్లో చప్పుడైతే అమ్మ "పిల్లిరా, పడుకో" అనేది. ఆ మాట వినగానే నిద్ర పట్టేది.

సింథసైజర్ అంటే కరెంటుతో శబ్దం పుట్టించే వాద్యం. దాని శబ్దం విన్నప్పుడు అలా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అది దేనితో చేసిందో, ఎంత దూరంలో ఉందో, మనిషి చేశాడో యంత్రం చేసిందో చెవికి అంతుపట్టదు. దాన్ని నేను ముఖం లేని శబ్దం అంటాను. థ్రిల్లర్లు, మిస్టరీ సినిమాలు ఇన్నేళ్లుగా ఎలక్ట్రానిక్ సంగీతాన్ని వదలకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. 1945లో వచ్చిన 'స్పెల్‌బౌండ్'కు మిక్లోష్ రోజా థెరమిన్ వాడారు. చేత్తో తాకకుండా, గాలిలో చేతులు కదిలిస్తూ వాయించే వాద్యం అది. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. అప్పట్లో థియేటర్‌లో కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ శబ్దం ఏ వాద్యానిదో తెలిసే అవకాశమే లేదు. దాని బలమూ అదే.

పది ఇరవై నిమిషాల థ్రిల్లర్‌కు ఇంట్లో కూర్చుని ఆర్‌ఆర్ చేయాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. సినిమాకు నేపథ్య సంగీతం చేయడాన్ని మన పరిశ్రమలో రీ-రికార్డింగ్, పొట్టిగా ఆర్‌ఆర్ అంటారు, బయట బీజీఎం అంటున్నారు. రెండూ ఒకటే.

ముందుగా కావలసినవి

ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. ఒక మోస్తరు లాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, లాప్‌టాప్‌కు తగిలించి వాయించే 25 కీల చిన్న మిడి కీబోర్డ్, ఫోన్ ఉంటే చాలు. రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. 60 రోజులు ఊరికే వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు. లాప్‌టాప్‌లోనే నడిచే సింథసైజర్‌గా సర్జ్ ఎక్స్‌టీ పూర్తిగా ఉచితం. వైటల్‌కి కూడా ఉచిత వెర్షన్ ఉంది. శబ్దాల్ని సాగదీయడానికి ఆడాసిటీ చాలు, అదీ ఉచితమే.

ఒక్క సింథ్ ఎంచుకుని దాని ప్రతి నాబ్ ఏం చేస్తుందో తెలుసుకోండి. ఇలాంటి సింథ్ సాఫ్ట్‌వేర్లు (ప్లగిన్లు) ఇరవై దించుకుని, వాటిలో ముందే తయారుచేసి పెట్టిన శబ్దాలు (ప్రీసెట్లు) తిప్పుతూ కూర్చుంటే, పక్క సినిమాలో ఉన్న శబ్దమే మీ సినిమాలోనూ ఉంటుంది. ముఖం లేని శబ్దం కావాలనుకుని అందరికీ తెలిసిన ముఖం పెట్టినట్టవుతుంది.

చెప్పే ప్రతి మాటా చేసి చూసుకోవడానికి ఒక సీన్ అనుకుందాం. రాత్రి 11 గంటలు. అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయింది, లిఫ్ట్ లేదు. ఒకామె ఫోన్ లైట్ వేసుకుని మెట్లెక్కుతోంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టినప్పటి నుంచి సరిగ్గా 37.5 సెకన్లకు తన ఫ్లాట్ తలుపు ఓరగా తెరిచి ఉండటం చూస్తుంది. సీన్ మొత్తం నిమిషంన్నర.

1. ఫైనల్ ఎడిట్ వచ్చే వరకు టైమింగ్ ముట్టుకోకండి

డైరెక్టర్ "ఇంకో రెండు షాట్లు మారతాయి అంతే" అన్నా సరే, ఎడిట్ లాక్ కాకుండా, అంటే ఇక మార్పులు ఉండవని ఖాయం కాకుండా, సెకన్ల లెక్కతో సంగీతం కట్టవద్దు. ఒక్క షాట్‌లో పన్నెండు ఫ్రేములు తీసేస్తే ఆ తర్వాత ఉన్న ప్రతి క్యూ (ఒక్కో చోట వచ్చే సంగీతం ముక్క) అర సెకను పక్కకు పోతుంది.

ఎడిటర్‌ని మూడు విషయాలు అడగండి. ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) 24 ఆ, 25 ఆ? వీడియో మీద టైమ్‌కోడ్, అంటే ప్రతి ఫ్రేమ్ సమయం చూపే అంకెలు, కనిపించేలా వేసి ఇవ్వగలరా? డైలాగ్ ట్రాక్ విడిగా ఇవ్వగలరా? మీ ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తెరవండి. పాటలకు వాడే 44.1లో మొదలుపెట్టి చివర్లో మార్చుకునే తలనొప్పి వద్దు.

అయితే ఎడిట్ వచ్చేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 1977 నాటి 'సోర్సరర్' కోసం దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ జర్మన్ బృందం టాంజరిన్ డ్రీమ్‌కు స్క్రిప్ట్ ఇచ్చి, సినిమా చూపించకుండానే సంగీతం చేయించుకున్నారు. మీరు కూడా కథ చదివి, సీన్ల లెక్క లేకుండా రెండు మూడు నిమిషాల ముక్కలు చేసి డైరెక్టర్‌కు పంపండి. సినిమా ఏ ఛాయలో ఉండాలో మాటలతో వాదించుకోవడం కన్నా ఇది నయం. ఎడిటర్ ఎవరి సినిమా సంగీతాన్నో తాత్కాలికంగా అతికించి, డైరెక్టర్ దానికి అలవాటు పడిపోయే ప్రమాదం కూడా తప్పుతుంది.

2. ఎవరికి ఏం తెలుసో రాసుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇక్కడ కీబోర్డ్ అవసరం లేదు, ఒక నోట్‌బుక్ చాలు.

సినిమాను మొదట ఒకసారి సంగీతం ఊసే లేకుండా చూడండి. రెండోసారి చూస్తూ ప్రతి సీన్ పక్కన మూడు గళ్లు గీయండి: పాత్రకు ఏం తెలుసు, ప్రేక్షకుడికి ఏం తెలుసు, సంగీతానికి ఏం తెలుసు. మూడో గడి నింపడమే మీ పని.

థ్రిల్లర్‌కీ మిస్టరీకీ ఉన్న తేడా ఈ గళ్లలోనే దొరుకుతుంది. థ్రిల్లర్‌లో ప్రేక్షకుడికి పాత్ర కన్నా ఎక్కువ తెలుసు. లోపల మనిషి దాక్కున్నాడని మనం చూశాం, ఆమె చూడలేదు. అప్పుడు సంగీతం మన పక్షాన ఉండవచ్చు, ఆమె కన్నా ముందే భయపడవచ్చు. మిస్టరీలో ప్రేక్షకుడికీ డిటెక్టివ్‌కీ తెలిసింది ఇంచుమించు సమానం. అక్కడ సంగీతానికి ఎక్కువ తెలిస్తే గుట్టు రట్టవుతుంది.

ఇది నాకు ఒక దెబ్బతో తెలిసింది. నేను చేసిన మొదటి షార్ట్ ఫిల్మ్‌లో హంతకుడు కథానాయకుడి స్నేహితుడే. ఆ స్నేహితుడు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ అడుగున ఒక సన్నని గరగర శబ్దం పెట్టాను. పదిమందిమి కూర్చుని చూస్తుంటే, ఎనిమిదో నిమిషంలో మిత్రుడి చెల్లెలు "వీడేగా?" అంది. ఆమెకు కథ తెలియదు, నటనలో లోపం లేదు. నా శబ్దమే వాణ్ణి పట్టించింది. రచయిత ఆరు నెలలు దాచింది నేను అలా బయటపెట్టేశాను. ఆ గరగరను వాడికి కాకుండా ఆ ఇంటికి పెట్టి ఉంటే, ఇంట్లో ఎవరున్నా వినిపించేది. చివర్లో నిజం తెలిశాక దాని అర్థం మారేది.

అందుకే నా నియమం ఇది: మిస్టరీలో శబ్దాన్ని మనిషికి కట్టకండి. చోటుకో, వస్తువుకో, అబద్ధానికో కట్టండి. ఎవరు అబద్ధం చెప్పినా అదే శబ్దం వస్తే ప్రేక్షకుడు తెలియకుండానే ఆ భాష నేర్చుకుంటాడు.

అభ్యాసానికి శ్రీచరణ్ పాకాల సంగీతం ఇచ్చిన 'క్షణం' (2016), 'ఎవరు' (2019) తీసుకుని, ఏ సీన్‌లో సంగీతం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో టైమ్‌తో సహా పట్టిక వేయండి. ఒక్క సాయంత్రం పని. పది వీడియో పాఠాలు చూసినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

మన మెట్ల సీన్‌లో? ఆమెకు ఏమీ తెలియదు, మనకూ తెలియదు. కాబట్టి సంగీతం "ఏదో ఉంది" అనవచ్చు గానీ "లోపల మనిషి ఉన్నాడు" అనకూడదు.

3. అట్టడుగున మోగే శబ్దం కట్టండి

సినిమా మొత్తానికి నాలుగైదు శబ్దాలకు మించి పెట్టుకోకండి. వాటిలో మొదటిది డ్రోన్. మన తంబూర శ్రుతి లాంటిదే, కాకపోతే ఇది ధైర్యం చెప్పదు.

సర్జ్ ఎక్స్‌టీలో కొత్త ప్యాచ్ తెరిచి రెండు ఆసిలేటర్లలో (శబ్దం పుట్టించే భాగాలు) రంపపు పళ్ల ఆకారంలో ఉండే సా-టూత్ వేవ్ పెట్టండి. 55 హెర్ట్జ్ దగ్గర ఉండే 'A' అనే స్వరం నొక్కండి. రెండో ఆసిలేటర్‌ను 8 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి జరపండి. ఇప్పుడు ఒకటి 55 దగ్గర, ఇంకొకటి దాదాపు 55.25 దగ్గర మోగుతున్నాయి. ఆ పావు హెర్ట్జ్ తేడా వల్ల నాలుగు సెకన్లకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. నిద్రలో ఉన్న పెద్ద జంతువు ఊపిరిలా ఉంటుంది.

తర్వాత పై పౌనఃపున్యాలను ఆపే లో-పాస్ ఫిల్టర్ పెట్టి, అది కోయడం మొదలుపెట్టే హద్దును, అంటే కటాఫ్‌ను, 150 హెర్ట్జ్‌కు దించండి. పై భాగమంతా మూసుకుపోయి అడుగు మాత్రమే మిగులుతుంది. ఆంప్లిట్యూడ్ ఎన్వలప్‌లో ఎటాక్ (శబ్దం పూర్తి బలానికి చేరే సమయం) 4 సెకన్లు ఇవ్వండి, అప్పుడు శబ్దం ఎప్పుడు మొదలైందో చెవికి దొరకదు. మొదలు దొరకని శబ్దాన్ని చెవి ఎప్పటినుంచో ఉన్నట్టే తీసుకుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మెట్లు మొదలైనప్పటి నుంచి తలుపు కనిపించే దాకా, 37.5 సెకన్లపాటు, ఆ కటాఫ్‌ను 150 నుంచి 900 హెర్ట్జ్ దాకా మెల్లగా తెరవండి. వాల్యూమ్ మాత్రం పెంచకండి. ఏం జరుగుతుందో వినండి. సా-టూత్‌లో అసలు స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యాలు కూడా ఉంటాయి. అడుగు స్వరం నాలుగు సెకన్లకు ఒకసారి ఊగితే, ఎనిమిదో హార్మోనిక్, అంటే ఎనిమిదింతల పౌనఃపున్యం, సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. ఫిల్టర్ తెరుచుకునే కొద్దీ ఆ వేగమైన కదలికలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. స్వరం మారలేదు, టెంపో లేదు, అయినా లోపల ఏదో తొందర పడుతున్నట్టు ఉంటుంది. ఎక్కడ మారిందో ప్రేక్షకుడు చెప్పలేడు. టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

ప్రతి శబ్దానికీ ఇలా ఒక జీవితం ఉండాలని నాకు నేర్పింది లూయీ, బెబే బారన్ దంపతుల కథ. 1956లో వాళ్ల సంగీతంతో వచ్చిన 'ఫర్బిడెన్ ప్లానెట్' సైన్స్ ఫిక్షన్ సినిమా. మొత్తం ఎలక్ట్రానిక్ సంగీతంతో వచ్చిన తొలి సినిమాగా దాన్ని చెప్పుకుంటారు. వాళ్లు సర్క్యూట్లు స్వయంగా కట్టి, వాటి మీద భారం పెంచి, అవి అరిచి, వణికి, కాలిపోయే దాకా టేపు మీద రికార్డు చేసేవారు. చచ్చిపోయిన సర్క్యూట్ మళ్లీ అదే శబ్దం చేయదు. వాద్యకారుల సంఘంతో గొడవ రాకుండా తెర మీద దాన్ని సంగీతం అని కూడా వేయలేదు, "ఎలక్ట్రానిక్ టోనాలిటీస్" అని వేశారు. ఆ పేరు ఇప్పుడు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ శబ్దాలకు సరైన పేరు అదే.

4. మీ చుట్టూ ఉన్నవి రికార్డు చేయండి

సింథ్ ఒక్కటే వాడితే శబ్దం మరీ నునుపుగా ఉంటుంది. దానికి కాస్త మట్టి అంటాలి. ఫోన్ తీసుకుని ఇల్లు తిరగండి. బోరు మోటారు మొదలయ్యే క్షణం, పాత సీలింగ్ ఫ్యాన్ కిర్రు, గ్యాస్ స్టౌ మీద సిమ్‌లో ఉన్న మంట, ఇనప బీరువా తలుపు, షట్టర్ దించే చప్పుడు, అన్నీ పనికొస్తాయి.

ఒక్క బీరువా తలుపు తీసుకోండి. వేగాన్ని సగం చేస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, పావు చేస్తే రెండు స్థాయిలు. రెండు స్థాయిలు దించాక అది బీరువా అని ఎవరూ అనలేరు, కానీ ఇనుము అని మాత్రం తెలుస్తుంది. ఇంకోటి, ఆడాసిటీలో పాల్‌స్ట్రెచ్ అని ఒక ఎఫెక్ట్ ఉంది. స్వరం మార్చకుండా శబ్దాన్ని పదింతలు, ఇరవై ఇంతలు సాగదీస్తుంది. గుడి గంట ఒక్కసారి కొట్టి దాన్ని ఇరవై ఇంతలు సాగదీయండి. కొట్టిన దెబ్బ కరిగిపోయి మోత మాత్రమే మిగులుతుంది. దాన్ని వెనక్కి తిప్పితే శూన్యంలోంచి మొదలై గంట కొట్టిన క్షణం వైపు నడుస్తుంది. తలుపు కనిపించే ఫ్రేమ్‌కు ముందు వాడటానికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

కథ జరిగే చోటి శబ్దాలే తీసుకోండి. అపార్ట్‌మెంట్ కథకు లిఫ్ట్ గ్రిల్, మీటర్ బోర్డు గుయ్యి. పల్లెటూరి కథకు వేరేవి.

5. లయ: సెకన్లను బీట్లుగా మార్చండి

ఇక్కడ కాస్త లెక్క ఉంది, భయపడకండి. బీట్ల సంఖ్యను 60తో హెచ్చించి సెకన్లతో భాగిస్తే బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు) వస్తుంది. మన సీన్‌లో 37.5 సెకన్లకు 60 బీట్లు పెట్టాలనుకుంటే 60 × 60 ÷ 37.5 = 96. టెంపో 96 పెడితే అరవై బీట్లు పూర్తయిన మరుక్షణం తలుపు కనిపిస్తుంది. ఎడిటర్ సమయాన్ని 38.2 సెకన్లుగా ఇచ్చి ఉంటే 94.24 అవుతుంది. సాఫ్ట్‌వేర్ దశాంశాలు తీసుకుంటుంది, మొహమాటపడకండి.

అరవై బీట్లను నాలుగేసి బీట్ల బార్లుగా కడితే 15 బార్లు, అయిదేసి కడితే 12 బార్లు. థ్రిల్లర్‌కు నేను అయిదే ఎంచుకుంటాను. నాలుగుకు ఒళ్లు అలవాటు పడిపోయింది, తల దానంతట అదే ఊగుతుంది. అయిదులో ఎప్పుడూ ఒక అడుగు ఎక్కువో తక్కువో ఉన్నట్టే ఉంటుంది.

జాన్ కార్పెంటర్ 1978లో 'హాలోవీన్' తీసినప్పుడు సంగీతం కూడా తనే చేసుకున్నారు. సంగీతం, ఎఫెక్ట్స్ లేని కాపీ చూసిన ఒక స్టూడియో అధికారికి ఏ మాత్రం భయం వేయలేదట. ఇక సంగీతంతోనే సినిమాను నిలబెట్టాలని ఆయన పట్టుబట్టారు. చిన్నప్పుడు తండ్రి బోంగోల మీద నేర్పిన అయిదు బీట్ల లయను పియానో మీద పెట్టి, కింద సింథసైజర్ పరిచారు. ఆ లయలోని పది అరబీట్లను 3, 3, 2, 2గా విడదీశారు. మనం నోటితో చెప్పుకుంటే "తకిట తకిట తక తక". ఖండ చాపు "తక తకిట" తెలిసిన చెవికి అయిదు కొత్త కాదు. కొత్తదనం ఆ విరుపులో ఉంది. చేత్తో తాళం వేస్తూ ఈ రెండూ పది నిమిషాలు చెప్పి చూడండి. తర్వాత సింథ్ దగ్గర కూర్చుంటే వేళ్లు వాటంతట అవే దారి పడతాయి.

పల్స్ శబ్దానికి డ్రోన్‌లో వాడిన సా-టూత్‌నే తీసుకుని ఎటాక్ సున్నా, డీకే (శబ్దం తగ్గిపోయే సమయం) 120 మిల్లీసెకన్లు ఇవ్వండి. ఒకే స్వరం, ఒకే లయ. ఫిల్టర్ మాత్రం బార్ బార్‌కూ పిసరంత తెరుచుకోవాలి. ఛేజ్ సీన్ అయితే పదహారు స్వరాల వరసను తనంతట తనే మళ్లీ మళ్లీ వాయించే సీక్వెన్సర్ నడపండి. 1978లోనే జార్జియో మొరోడర్ 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్'లో పరుగుకు ఇలాంటి ఆగని సింథ్ లయ పెట్టారు. సంగీతానికి ఆస్కార్ కూడా అందుకున్నారు. యంత్రం అలసిపోదు, వెంటాడేవాడు అలసిపోడు అన్న భయం ఆ లయలోనే ఉంది.

ఒక జాగ్రత్త. గుండె చప్పుడు శబ్దం పెట్టాలని అనిపిస్తుంది. వద్దు. ప్రేక్షకుడి గుండె కొట్టుకోవాలి గానీ మీ ట్రాక్ కాదు.

6. రాగం విషయంలో మన చెవికి ఉన్న ఇబ్బంది

పాశ్చాత్య సినిమాల్లో పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలు, అంటే అరస్వరం తేడా, భయానికి గుర్తు. అదే మనం అనుకరిస్తే చిక్కు ఒకటుంది. షడ్జమం, శుద్ధ రిషభం అనగానే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు మాయామాళవగౌళ గుర్తొస్తుంది. అది సరళీ స్వరాలతో మొదలయ్యే తొలి పాఠం. తెల్లవారుజామున పాడే పిల్లలు కనిపిస్తారు, భయం కనిపించదు. శివరంజని ఛాయ తగిలితే ఎవరో చనిపోయారనుకుంటారు. తెలుగు ప్రేక్షకుడికి రాగం అనేది పరిచయమైన ముఖం.

కాబట్టి రాగం పోల్చుకునేంత స్వరాలు ఇవ్వకండి. రెండు చాలు, మూడు దాటవద్దు. షడ్జమం, ప్రతి మధ్యమం మధ్య ఉన్న దూరం నాకు ఇష్టం. దాన్ని పట్టుకుని ఏ రాగమో చెప్పలేరు, అలాగని సర్దుకోనూ సర్దుకోదు. గమకం పెట్టకండి, గమకం వస్తే పాడే మనిషి వచ్చేస్తాడు. బదులుగా పిచ్‌ను ఎనిమిది పది సెకన్లలో ఏడెనిమిది సెంట్లు కిందికి జారనివ్వండి. టేపు నెమ్మదించినట్టు వినిపిస్తుంది.

మెలొడీ పూర్తిగా వద్దని కాదు. 2014 నాటి 'గాన్ గర్ల్'కు ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ చేసిన సంగీతంలో హాయిగా, మెత్తగా ఉండే తునకలు ఉన్నాయి. నడుం నొప్పికి వైద్యం చేయించుకునే చోట వినిపించే, ఊరడించాలని చూసే సంగీతం దర్శకుడు డేవిడ్ ఫించర్‌కు ఆ ఆలోచన ఇచ్చింది. పైకి అంతా బాగున్నట్టు నటించే కాపురం కథకు పైకి బాగున్నట్టు నటించే సంగీతం. మీ కథలో ఎవరైనా నటిస్తుంటే ఈ దారి చూడండి.

7. బొమ్మ చూస్తూ చేత్తో వాయించండి

ఇక్కడి దాకా లెక్క ప్రకారం చేశాం. ఇప్పుడు మౌస్ పక్కన పెట్టండి. కీబోర్డ్ మీది మాడ్ వీల్‌కి (వేలితో తిప్పే చిన్న చక్రం) ఫిల్టర్ కటాఫ్ కట్టి, సీన్ నడుస్తుండగా ఆమె ముఖం చూస్తూ వీల్ తిప్పండి. అయిదారు సార్లు రికార్డు చేసి మంచిది ఉంచండి. సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసి నడిపే మార్పు (ఆటోమేషన్) తిన్నగా పోతుంది. మనిషి చేత్తో తిప్పితే ఆమె ఆగినప్పుడు చెయ్యి కూడా ఆగుతుంది.

1982 నాటి 'బ్లేడ్ రన్నర్' భవిష్యత్తులో జరిగే డిటెక్టివ్ కథ. లండన్‌లోని తన నెమో స్టూడియోలో వాంగెలిస్ తెర మీద దృశ్యాలు చూస్తూ వాయించారు. ఆయన వాడిన యమహా సీఎస్-80లో ప్రతి కీ విడివిడిగా వేలి ఒత్తిడిని గుర్తిస్తుంది. నొక్కిన తర్వాత ఇంకాస్త అదిమితే ఆ ఒక్క స్వరమే పెరుగుతుంది, వణుకుతుంది. ఆ సంగీతంలో వినిపించే దిగులంతా వేళ్లలోంచి వచ్చిందే. యంత్రం పాడిందనుకోవడం పొరపాటు.

8. ఆపడం

మెట్ల సీన్‌లో డ్రోన్ ఎక్కడ ఆపాలి? తలుపు కనిపించిన చోట పెద్ద "ఢాం" పెట్టాలని అనిపిస్తుంది. దానికి బదులు తలుపు కనిపించడానికి అర సెకను ముందు, అంటే 24 ఫ్రేముల లెక్కలో పన్నెండు ఫ్రేముల ముందు, అంతా కోసేయండి. రివర్బ్ (ప్రతిధ్వని) తోక కూడా ఉండకూడదు. నలభై సెకన్లుగా చెవిలో ఉన్న బరువు ఒక్కసారి పోయేసరికి ప్రేక్షకుడికి తన ఊపిరి తనకే వినిపిస్తుంది. ఆ ఖాళీలో తలుపు కీలు కిర్రుమంటే చాలు, మీరు ఏమీ చేయనక్కర్లేదు.

దీన్ని చివరి దాకా తీసుకెళ్లిన సినిమా 1963లో వచ్చిన హిచ్‌కాక్ 'ది బర్డ్స్'. అందులో మామూలు అర్థంలో నేపథ్య సంగీతం లేదు. బెర్లిన్‌లో ఆస్కర్ సాలా, రెమీ గాస్‌మన్ ట్రాటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద పక్షుల అరుపులు, రెక్కల చప్పుడు తయారుచేశారు. పెద్ద సంగీత దర్శకుడైన బెర్నార్డ్ హెర్మన్ ఆ సినిమాకు శబ్ద సలహాదారుగా ఉన్నారు. సంగీతం ఎక్కడ ఆగింది, సౌండ్ ఎఫెక్ట్ ఎక్కడ మొదలైంది అన్న గీత అక్కడ చెరిగిపోయింది. అందుకే సౌండ్ డిజైనర్‌తో మొదటి రోజే మాట్లాడండి. మీ డ్రోన్, ఆయన పెట్టిన జనరేటర్ మోత ఒకే చోట పడితే రెండూ బురదవుతాయి. వీలైతే జనరేటర్ మోత శ్రుతికే మీ డ్రోన్ కలపండి. ఎఫెక్ట్ అనుకుంటున్నది ఎప్పుడు సంగీతమైందో ఎవరికీ తెలియదు.

పదిహేను నిమిషాల సినిమాకు ఆరేడు నిమిషాల సంగీతం నాకు సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ వస్తుంటే సీన్లను నమ్మడం లేదేమో చూసుకుంటాను.

9. మిక్స్: మాట వినపడాలి, ఫోన్‌లో అట్టడుగు శబ్దం వినపడాలి

మాట స్పష్టంగా అర్థం కావడానికి 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య భాగం ముఖ్యం. డైలాగ్ ఉన్న చోట మీ సంగీతంలో ఆ భాగాన్ని ఈక్వలైజర్‌తో 3 డెసిబెల్స్ దాకా తగ్గించండి. మొత్తం వాల్యూమ్ తగ్గించడం కన్నా ఇది మేలు. 30 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి. అది దాదాపు వినపడదు, స్పీకర్ శక్తిని మాత్రం తినేస్తుంది.

రెండోది చాలామంది మరచిపోతారు. షార్ట్ ఫిల్మ్‌ని ఎక్కువమంది చూసేది ఫోన్‌లో. ఫోన్ స్పీకర్ 55 హెర్ట్జ్ స్వరాన్ని పలకలేదు. హెడ్‌ఫోన్స్‌లో గుండెలదిరేలా చేసిన డ్రోన్ ఫోన్‌లో మాయమైపోతుంది. మందు ఏమిటంటే డ్రోన్‌కు కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) కలపండి. అప్పుడు 220, 275, 330 దగ్గర హార్మోనిక్స్ బలపడతాయి. అసలు స్వరం లేకపోయినా, ఆ హార్మోనిక్స్ విన్న మెదడు అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. మిక్స్ అయ్యాక ఫోన్‌లో, కారులో, మామూలు టీవీలో విని సరిచూసుకోండి.

10. అప్పగింత, ఆ తర్వాత ఒక పరీక్ష

క్యూలన్నీ కలిపి ఒకే స్టీరియో ఫైలుగా ఇవ్వకండి. డ్రోన్, పల్స్, రికార్డు చేసిన శబ్దాలు, మెలొడీ, ఇలా విడివిడి ట్రాకులుగా (స్టెమ్స్), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు ఇవ్వండి. మిక్సింగ్ ఇంజనీర్ పల్స్ ఒక్కటే తగ్గించాలనుకుంటే మళ్లీ మీ దగ్గరికి రానక్కర్లేదు. బొమ్మ మొదలయ్యే ముందు సరిగ్గా రెండు సెకన్ల దగ్గర ఒక్క ఫ్రేమ్ నిడివి బీప్ పెట్టండి. అన్ని ఫైళ్లలో అది ఒకే చోట ఉంటే సింక్ గొడవ రాదు. ఫైల్ పేరులో సీన్ నంబరు, మొదలయ్యే టైమ్‌కోడ్ రాయండి. ప్రతి శబ్దం మీరు చేసిందో, ఏ లైసెన్స్ కింద తీసుకుందో ఒక పేజీలో రాసి జత చేయండి. డబ్బు, హక్కులు ఎవరివో పని మొదలుపెట్టే ముందే కాగితం మీద పెట్టుకోవాలి. స్నేహితుల సినిమా అయినా సరే.

ఫైళ్లు పంపే ముందు కథ తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి సినిమా చూపించండి. మీరు తెర చూడకండి, వాళ్లను చూడండి. మెట్ల దగ్గర ఎవరైనా ఫోన్ తీసుకుంటే ఆ టైమ్‌కోడ్ రాసుకోండి. సగంలో ఆపి "ఎవరు చేశారనుకుంటున్నారు?" అని అడగండి. సరైన పేరు చెబితే "ఎందుకలా అనిపించింది?" అని అడగండి. "ఏమో, వాడొస్తే ఏదోలా ఉంది" అన్నారంటే రెండో మెట్టు నోట్‌బుక్ మళ్లీ తెరిచి, ఆ మనిషి సీన్ల పక్కన మూడో గడిలో ఏం రాశారో చూడండి.